గారెలకి గ్రాంటు లేదు

సాయంత్రం ఐదయ్యేసరికి రత్నమాల చేతికి చీపురు దానంతటదే వచ్చేస్తుంది. ఐదున్నరకి సూర్యప్రకాశరావు సైకిలు గంట గేటు దగ్గర వినపడుతుంది. ఈలోగా ముందుగదిలో దారప్పోగులూ గుడ్డపీలికలూ మాయమైపోవాలి. కుట్టుమిషన్లు రెండూ గోడవారకి జరగాలి. కత్తిరించిన గుడ్డలు మూటకట్టి అటకెక్కించాలి. కిటికీ పక్కన పేముకుర్చీ, కుర్చీ చేతిమీద పేపరు సిద్ధంగా ఉండాలి. ఆయన ఆ కుర్చీలో కూలబడి, కాఫీ ఒక గుక్క తాగి, "హమ్మయ్య, ఎంతైనా ఇల్లు ఇల్లే. ఆఫీసులో చాకిరీ చేసి చేసి వచ్చేవాడికి తెలుస్తుంది దీని విలువ" అంటాడు. పెళ్ళైన కొత్తలో ఆ మాట విని రత్నమాల మురిసిపోయేది.

ఈ విద్య ఆమెకి అత్తగారు బాలత్రిపురసుందరి నేర్పింది. "మగాడు గుమ్మం తొక్కేసరికి ఇంట్లో పనన్నది కనపడకూడదమ్మాయ్" అనేది ఆవిడ. తడిబట్టలు తీగ మీద కనపడకూడదు, రోలు దగ్గర పిండి మరక కనపడకూడదు, చెమట పట్టిన మొహం అసలే కనపడకూడదు. రాజమండ్రి నుంచి కొడుకు వెంట ఈ చిక్కడపల్లికి వచ్చినా ఆవిడ ఆ పట్టు వదల్లేదు. ఆవిడ పోయి చాలా కాలమైంది గానీ, ఆ మాట మాత్రం ఈ ఇంట్లోనే కాపురముంది. కనపడని పని లేని పనే అవుతుందని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. పాపం, ఆవిడ చేసిన పనీ ఎవరికీ కనపడకుండానే పోయింది. ఆవిడ పోయినప్పుడు సూర్యప్రకాశరావు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మా అమ్మ మహారాణిలా బతికింది, ఏనాడూ కష్టపడి ఎరగదు" అన్నాడు. ఆ మాట విని రత్నమాలకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిడకి ఆఖరి స్నానం చేయించింది తను. ఆ అరచేతుల్లో కాయలు తనకి తెలుసు.

ముందుగదిలోకి మిషన్లు రావడం ఒక కథ. ఆ ఏడాది ఊళ్ళో ప్రత్యేక తెలంగాణా గొడవలు రేగి బడులు మూతపడ్డాయి. పిల్లలంతా ఇళ్ళల్లో. బయట ఊరేగింపులు, ఒక్కోరోజు కర్ఫ్యూ. అశోక్‌నగర్‌లో ఉండే దమయంతి ఆ రోజుల్లోనే పరిచయమైంది. ఆమెది ఎప్పటినుంచో ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. గుడ్డ కత్తిరించడంలో ఆమె చెయ్యి చూసి తీరాలి. నలుగురు ఆడవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని మధ్యాహ్నాలు రత్నమాల ఇంట్లో చేరి, కబుర్లాడుతూ చేత్తో లంగాలు, గౌన్లు కుట్టడం మొదలుపెట్టారు. అందులో ఆంధ్రావాళ్ళున్నారు, తెలంగాణావాళ్ళున్నారు. బయట మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసిన రోజులవి. లోపల మాత్రం సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు కనపడనివాళ్ళు, కనపడేవాళ్ళు అన్న తేడా ఒక్కటే ఉండేది. కుట్టినవి సుల్తాన్ బజార్‌లో ఒక కొట్టువాడు తీసుకున్నాడు. బాగున్నాయన్నాడు, ఇంకా కావాలన్నాడు. అప్పుడు దమయంతే పట్టుబట్టి మహిళా మండలి అని ఒక పేరు పెట్టించి, మహిళా సంక్షేమం ఆఫీసు చుట్టూ తిరిగి గ్రాంటు సాధించింది. మొదటి విడతలో మిషన్లు రెండొచ్చాయి. రెండో విడత వస్తే అశోక్‌నగర్‌లో ఒక గది ఏడాదిపాటు అద్దెకి తీసుకోవచ్చు. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి, పని చూసి, సరేనంటే తప్ప ఆ విడత రాదు.

ఆ గది అవసరమెంతో రత్నమాలకే తెలుసు. సూర్యప్రకాశరావు చెడ్డవాడేమీ కాదు. కేకలెయ్యడు, చెయ్యెత్తడు, నారాయణగూడ మీదుగా వస్తూ వేడివేడి మిరపకాయ బజ్జీలు కూడా తెస్తాడు. కానీ మొన్న ఆ బజ్జీ తింటూనే, "ఈ నెలాఖరుదాకా చూస్తాను మాలా. ఆ తరవాత నా ముందుగది నాకు ఖాళీ చేయించు. మీ సరదాలకి నేనెప్పుడైనా అడ్డొచ్చానా?" అన్నాడు. సరదా అన్నాడు. ఆ మాట బజ్జీలో మిరపకాయ గింజలాగా గొంతులో అడ్డంపడింది. గ్రాంటు రాకపోతే మండలి లేదు, అంతే. మళ్ళీ మధ్యాహ్నాలు తనూ నాలుగు గోడలూనూ.

ఇన్‌స్పెక్టరమ్మ ఫలానా రోజున వస్తోందని కబురందగానే ఆడవాళ్ళందరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. పెద్ద ఆఫీసరమ్మ వస్తోంది, మర్యాద తక్కువ కాకూడదు. అంతే, ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇంటి పనిలోకి దిగిపోయారు. ముందురోజు గది కడిగారు. గోడకి చిన్న మరకుంటే దాని మీద క్యాలెండరు తగిలించారు. సగం కుట్టిన గౌన్లు, కత్తిరించిన ముక్కలు, కొలతలు రాసిన అట్టలు సమస్తం మూటలు కట్టి అటకమీదికి విసిరేశారు. మిషన్లకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, పైన రత్నమాల పుట్టింటినుంచి తెచ్చుకున్న లేసు గుడ్డ కప్పారు. ఒకదాని మీద పూలకూజా కూడా పెట్టారు. పిల్లలు గోల చేస్తారని పక్కింటికి తోలేశారు. ఇక మిగిలిన ప్రాణాలన్నీ వంటింట్లోకి చేరాయి. మినపగారెలు, రవ్వకేసరి, దమయంతి వండిన డబుల్ కా మీఠా. మాసమ్మ అనే పెద్దావిడ, మండలి మొత్తంలో బొత్తాలు కుట్టడానికి ఆవిడ తరవాతే ఎవరైనా, ఆ రోజు పొద్దున్నించీ పిండి రుబ్బుతూ కూర్చుంది.

సూర్యప్రకాశరావు కూడా ఆ పూట సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చున్నాడు. ఆఫీసువాళ్ళతో మాట్లాడ్డం ఆడవాళ్ళకేం తెలుస్తుంది, తనుంటే మంచిదన్నాడు. నిజానికి రత్నమాలకి ధైర్యంగానే అనిపించింది.

ఇన్‌స్పెక్టరు ప్రభావతి రిక్షా దిగింది. నలభై దాటిన మనిషి, నేత చీర, భుజాన గుడ్డసంచి, ఎండకి వాడిన మొహం. లోపలికి వచ్చి చుట్టూ చూసింది. మెరుస్తున్న గచ్చు, పేముకుర్చీ, అందులో ఒక మగాయన. ఆడవాళ్ళ జాడ లేదు. వంటింట్లోంచి నూనె వాసన. లేసు గుడ్డ కొస ఎత్తి మిషను వైపు చూసింది. సూదికి దారం లేదు, చక్రానికి బంతిపూల దండ ఉంది.

"వీటి మీద ఎవరైనా కుడుతున్నారా అండీ?" అని అడిగింది.

రత్నమాల కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఉంది. నోరు తెరవబోయింది. ఈలోపే సూర్యప్రకాశరావు చక్కగా నవ్వి, "ఏదో ఆడవాళ్ళు, మధ్యాహ్నంపూట తోచక చేసుకుంటున్నారండీ. కాలక్షేపం" అన్నాడు.

వినయంగా ఉండాలనే అన్నాడు. మనవాళ్ళ గురించి పైవాళ్ళ దగ్గర గొప్పలు చెప్పుకోకూడదు కదా. "కాదండీ, కాలక్షేపం కాదు" అన్న మూడు మాటలు రత్నమాల నాలుక చివరిదాకా వచ్చాయి. పదిమందిలో మొగుడి మాటకి ఎదురాడకూడదని ఎవరో లోపలినుంచి గట్టిగా పట్టుకున్నారు. ఆ పట్టు ఎవరిదో ఆమెకి తెలుసు. అటకవైపు చూసింది. నెలల తరబడి చేసిన పనంతా అక్కడ మూటల్లో ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. చెయ్యి పళ్ళాన్ని వదిలితే కదా.

ప్రభావతి గారె తింది, మీఠా తింది. అందర్నీ పేరుపేరునా పలకరించింది. వెళ్ళేముందు గేటు దాకా వచ్చిన రత్నమాలతో మెల్లగా, "గారెలు అద్భుతంగా ఉన్నాయమ్మా. కానీ గారెలకి గ్రాంటు లేదు. కాలక్షేపానికి అసలే లేదు. నెలాఖరులోగా మళ్ళీ వస్తాను. ఈసారి చెప్పి రాను" అంది.

ఆవిడ వెళ్ళాక ఆడవాళ్ళు పెరట్లో గిన్నెలు తోముతూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. దమయంతికి ఒళ్ళు మండిపోతోంది. సూర్యప్రకాశరావుని తిడుతుందేమోనని రత్నమాల బిక్కుబిక్కుమంటూ చూసింది. దమయంతి ఆయన్ని ఒక్క మాట అనలేదు.

"సారును ఏమంటం అక్కా, ఆయన చూసిందే ఆయన చెప్పిండు. మనమే గద అంత ఎత్తి అటకల దాసిపెట్టినం. మిషన్లను పెండ్లిచూపుల పిల్ల లెక్క తయారుజేసి కూసోబెడితిమి. పనిజేసెటోళ్ళం పోయి వంటింట్ల దాసుకుంటిమి. గామె ఏం జూసి పైసలియ్యాలె?"

ఆ మాటలు రత్నమాలని వదల్లేదు. బియ్యం ఏరుతున్నా అవే, దుప్పట్లు మడతపెడుతున్నా అవే. ఆలోచించినకొద్దీ సంగతి ముందుగది దాటి ఇల్లంతా పాకింది. ఈ ఇంట్లో తను చేసిన పనంతా ఏమైంది? వండినది తినేశాక గిన్నెలు కడిగేసింది, అంటే వండిన గుర్తు కూడా తనే చెరిపేసింది. ఉతికింది మడతపెట్టి బీరువాలో దాచేసింది. పసుపు నీళ్ళతో కడిగిన గడప ఆరిపోయేది. ఆయనకి కనపడినదల్లా కుర్చీలో కూర్చున్నప్పుడు చేతికందే కాఫీ. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావు, తోచదనుకుంటాను" అని ఆయన జాలిగా అడిగినప్పుడల్లా తనకి కోపం వచ్చేది. ఇప్పుడు కోపం రాలేదు. ఆయన పరీక్షకి వచ్చే ప్రతి సాయంత్రం, ఐదింటికల్లా, రుజువులన్నీ తన చేత్తో తనే ఊడ్చి పారేస్తూ వచ్చింది. అది తలుచుకుంటే మాత్రం దుఃఖం వచ్చింది. తన కోసం కొంత, బాలత్రిపురసుందరి కోసం కొంత.

మర్నాటినుంచి మండలిలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. మధ్యాహ్నం ఎవరు గుమ్మంలోకి వచ్చినా ఏదీ సర్దకూడదు, ఎవరూ లేచి వంటింట్లోకి పోకూడదు. అనుకున్నంత తేలిక కాలేదు. గేటు చప్పుడైతే చాలు, మాసమ్మ చేతులు వాటంతటవే పీలికలు ఏరడం మొదలుపెట్టేవి. దమయంతి ఆవిడ మోచెయ్యి మీద తట్టేది. అయినా ఐదింటికి మాత్రం రత్నమాల చీపురు తీసేది, గది ఎప్పటిలాగే ఆయన గదిగా మారిపోయేది. ఇన్‌స్పెక్టరమ్మ ఐదు దాటాక రాదులే అని తనకి తనే చెప్పుకునేది.

ప్రభావతి ఒక మంగళవారం మూడింటికి వచ్చింది. చెప్పులు విప్పే చోటు కూడా లేదు. గచ్చంతా నీలం గుడ్డ పరిచి దాని మధ్య మోకాళ్ళ మీద దమయంతి, చేతిలో కత్తెర. రెండు మిషన్లూ పరుగెడుతున్నాయి. మాసమ్మ ఒళ్ళో బొత్తాలు, ఆవిడ వెనక చీర ఉయ్యాలలో ఎవరిదో పసిపిల్ల. ఎవరూ లేవలేదు. లేవబోయిన ఒకావిడ సర్దుకుని కూర్చుంది. ప్రభావతి గుడ్డ తొక్కకుండా గోడవారగా నడుచుకుంటూ వచ్చి, ఒక గౌను తిరగేసి లోపలి కుట్టు చూసింది. ఎవరు కుట్టారు, ఎక్కడ అమ్ముతున్నారు అని అడిగింది. ఎవరి పనికి వాళ్ళే సమాధానం చెప్పారు. తాగడానికి మంచినీళ్ళు మాత్రం ఇచ్చారు.

"గారెల్లేవా?" అని నవ్వి, రత్నమాల వైపు తిరిగింది. "మరి ఆ రోజు మీవారు కాలక్షేపమన్నారేమమ్మా?"

రత్నమాల మిషను ఆపింది. "ఆయన ఎప్పుడూ చూడలేదండీ. మేమే చూడనివ్వలేదు" అంది. అన్నాక, ఇంత తేలికైన మాటకా ఇన్నాళ్ళు పట్టింది అనుకుంది.

రెండో విడత వస్తుందని, గది మాట్లాడుకోమని చెప్పి ప్రభావతి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళ సంతోషం చెప్పనలవి కాదు. దమయంతి అయితే అశోక్‌నగర్ గదికి కిరాయి మాట్లాడే మనిషిని, తాళంకప్పని, తలుపు మీద రాయించే బోర్డుని కూడా అప్పటికప్పుడే నిశ్చయించేసింది. ఆ హడావుడిలోనే ఐదైంది. దమయంతి గడియారం చూసి, తలుపు మూల చీపురు తీసింది.

"ఆమె వచ్చిపాయె గద అక్కా. సారు వస్తడు, ఇగ ఎత్తేద్దాం."

రత్నమాల గదంతా ఒకసారి కలయజూసింది. నీలం గుడ్డ పేముకుర్చీ ఉండే చోటుదాకా పరుచుకుని ఉంది. కుర్చీ బయట వరండాలో ఉంది. కుర్చీ తెచ్చి వెయ్యాలని కాళ్ళు లాగాయి. భయమే. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెయ్యని పని చెయ్యబోతోంది, అది కూడా ఏమీ చెయ్యకుండా.

"ఉండనీ దమయంతీ. చూడాల్సినవాళ్ళు ఇంకొకరున్నారు" అంది.

దమయంతి ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, చీపురు మూల పెట్టేసి, మళ్ళీ గుడ్డ మధ్యన కూర్చుంది. మాసమ్మ సూదిలో దారం ఎక్కించుకుంది.

సైకిలు గంట వినపడింది. సూర్యప్రకాశరావు మెట్టెక్కి, ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. చేతిలో బజ్జీల పొట్లం. ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక కిందకి చూశాడు, మిషన్ల వైపు చూశాడు, చెమట పట్టిన భార్య మొహం వైపు చూశాడు. ఆ మొహాన్ని ఆ వేళప్పుడు ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

"ఏమిటే ఇదంతా?" అన్నాడు.

రత్నమాల పట్టిన కుట్టు చివరిదాకా లాగి, దారం పంటితో తెంపింది.

"పనండీ" అంది. "రోజూ ఉండేదే. ఇవాళ తీసెయ్యలేదు."