పరదా కింది బటన్

"తల్లీ, నీ బటన్ మూగనోము పట్టింది. ఎంత నొక్కినా ఉలకదు, పలకదు."

అన్నాడు జిడ్డన్న. కొత్త తెరలను నొక్కి చూసి తప్పులు పట్టడం ఆఫీసులో ఆయన పని. పట్టిన తప్పు ఒప్పుకునేదాకా వదలడు కనుక ఆ పేరు.

ఆ తెరను తయారుచేసిన అమ్మాయి కోడ్ తెరిచింది. తెర మీద ఏమేం ఉండాలో అందులో వరసగా రాస్తారు. బటన్ రాసిన చోటే, దాన్ని నొక్కితే ఏం జరగాలో కూడా రాస్తారు. అదంతా సరిగ్గానే ఉంది.

"బటన్ తర్వాత ఈ వరస ఏంటి?"

"పరదా అన్నా. రాత్రిపూట వెలుగు కళ్లలో పడకుండా నల్లగా కమ్ముతుంది. పగలు కనిపించదు."

"కనిపించదు సరే. ఉండదా?"

ఆమె చేయి ఆగిపోయింది. కోడ్‌లో తర్వాత రాసింది తెర మీద పైన కూర్చుంటుంది. పగటికి తను పరదా రంగు తీసింది కానీ పరదాను తీయలేదు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. వేలు బటన్‌కు తగలకుండా ఆ గాజులాంటి పొర ప్రతి నొక్కునూ మింగేస్తోంది.

"ఒప్పుకున్నావా?" అని నవ్వబోయి ఆయన ఆమె ముఖం చూశాడు. "ఏమైంది తల్లీ?"

"నాన్న..."

పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి మంచాన ఉన్న నాన్న దిండు దగ్గర ఒక టాబ్లెట్ ఉంది. దాని మీద ఒకటే పెద్ద బటన్. నొక్కితే ఆమె ఫోన్ మోగాలి. వెలుగుకు నిద్ర పట్టడం లేదంటే నిన్న ఈ పరదాను మొదట అక్కడే వేసింది. వేసి చూసింది, నొక్కి చూడలేదు. రాత్రి తను పక్కనే ఉంది. పొద్దున్నుంచి ఫోన్ మోగకపోతే, నాన్న హాయిగా ఉన్నాడనుకుంది.

పక్కింటి పిన్నికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. బస్సులో మళ్లీ చేసింది, ఎత్తలేదు. వీధి మలుపు నుంచి పరుగెత్తింది. గుమ్మం ముందు తాళం చెవి ఎంతకీ దూరదు. తిరగేసి పెట్టి తలుపు తోసింది.

లోపల చప్పుడు లేదు.

నాన్న మంచం అంచుకు జారిపోయి ఉన్నాడు. మెడ వంగి, చెంప గోడకు నొక్కుకుపోయింది. కుడిచేయి మాత్రం టాబ్లెట్ మీద ఉంది. వేలు ఇంకా నొక్కుతోంది.

చంకల కింద చేతులు వేసి పైకి లాగింది. ఆయనకు ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది.

"పనిలో ఉన్నావనుకున్నా," అన్నాడు ముద్దముద్దగా. "విసిగిస్తున్నానేమో అని... ఆగి ఆగి నొక్కా."

ఆమె ల్యాప్‌టాప్ తీసింది. మంచం పక్కనే నేల మీద కూర్చుని, కోడ్‌లో ఆ ఒక్క పరదా వరస తీసేసింది.

"నొక్కు నాన్నా."

సంచిలో ఫోన్ మోగింది.

"ఎదురుగా ఉండగా ఫోనెందుకే, పిచ్చిదానా?"

"ఇంకోసారి నొక్కు," అంది ఆమె.