అరణం బర్రె

నాలుగో దెబ్బకు గాని బర్రె ట్రాలీ ఎక్కలేదు. కొన్న బేరగాడు దాని తోకను మెలిపెట్టి పట్టుకున్నాడు. అతని మనిషి వెనక కాళ్ల మీద కట్టెతో బాదాడు. చేవెళ్ల అంగట్లో ప్రతి వారం జరిగే పనే కాబట్టి ఎవరూ తల తిప్పలేదు.

“కొట్టకున్రి అన్నా. అది ఇప్పటిదాక కట్టె దెబ్బ ఎరగదు,” అంది ప్రమీలమ్మ.

“కట్టె దెబ్బ ఎరగని బర్రెనా? ఆడోళ్లే లేరవ్వా గట్ల!” అని బేరగాడు నవ్వాడు. పక్కన నిలబడ్డవాళ్లూ నవ్వారు.

ఆమె బర్రె మెడలోని పలుపు విప్పుకుని సంచిలో వేసుకుంది. పశువును అమ్మినా పలుపు అమ్మరు. అది కూడా పోతే ఇంట్లో పాడి నిలవదంటారు. చేతికొచ్చిన ఇరవై ఆరు వేలు రవికెలో దోపుకుంది. ట్రాలీ కదిలింది మొదలు ఆమెకు ఒకటే గుబులు. నోట్లు దొంగవేమో. బస్సులో ఎవడైనా బ్లేడు వేస్తాడేమో. ఇవన్నీ దాటి ఇల్లు చేరితే, భర్తకు అన్నయిన మాణిక్యం ఏం చేస్తాడో. ఆ చివరి భయాన్ని మాత్రం పైకి రానివ్వకుండా తొక్కిపట్టింది.

బర్రె ఆమెదే. పెండ్లి చేసి ముడిమ్యాల పంపేటప్పుడు తండ్రి ఒక దుడ్డెను అరణంగా తోలించాడు. పుట్టింటి అరణం, దాని సంతానం ఆడదానికే చెందుతాయని ఊరంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నా, ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ దుడ్డె, దాని కూతురు, ఈ మనవరాలు ఇచ్చిన పాలన్నీ పాలకేంద్రంలో మాణిక్యం పేరు మీదే పడ్డాయి. పేడ ఎత్తింది మాత్రం ప్రమీలమ్మ.

కూతురు సాహిత్య మొయినాబాద్ దగ్గర ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఫీజు ప్రభుత్వం కడుతోంది. సోమవారం నుంచి కంపెనీల ఉద్యోగాలకు శిక్షణ మొదలవుతుందని, సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్లను కూర్చోనివ్వబోమని కాలేజీలో చెప్పారు. ప్రమీలమ్మ నెల కిందటే బావను అడిగింది.

“సర్కారు సదివిస్తున్నది, సాలదా? బొమ్మల డబ్బా గూడ నేనే కొనియ్యాల్నా?” అన్నాడు మాణిక్యం.

ఆ నెలలోనే చిన్న మంగళారం దగ్గరి మూడెకరాలు ప్లాట్లవాళ్లకు అమ్మి కొడుక్కు కారు కొన్నాడు. ప్రమీలమ్మ భర్త బాల్‌రాజ్, అన్న చూపించిన చోట సంతకం పెట్టి వచ్చి, ఎద్దులకు నీళ్లు పెట్టాడు.

సాహిత్య మొయినాబాద్ బస్టాండులో ఎదురుచూస్తోంది. ఇద్దరూ ముకుందం సేటు దుకాణానికి నడిచారు. అతను ఒకప్పుడు పురుగుమందులు అమ్మేవాడు. చుట్టూ కాలేజీలు లేచాక ఆ అరల్లోనే ల్యాప్‌టాపులు పెట్టాడు. మందు వాసన ఇంకా పోలేదు.

“ఇది చూడమ్మా. కొత్తది, పద్దెనిమిది వేలు. ఏడాది వారంటీ. ఎర్ర రంగు, ఆడపిల్ల చేతుల ముద్దుగుంటది,” అని జానెడు వెడల్పున్న యంత్రాన్ని ముందుకు తోశాడు.

“అంకుల్, దీంట్ల సీడీ పెట్టే తావే లేదు. ర్యామ్ ఒక్క జీబీ. మా సాఫ్ట్‌వేర్ తెరిస్తెనే ఆగిపోతది,” అంది సాహిత్య.

“మరి మీకు కావాల్సింది కొత్తది కొంటె ముప్పై రెండు వేలు. తియ్యాల్నా?”

ప్రమీలమ్మ తల అడ్డంగా ఊపింది. ముకుందం నిట్టూర్చి, వెనక నుంచి నల్లటి పాతది తెచ్చాడు. “హైటెక్ సిటీ కంపెనీది. రెండు జీబీ ర్యామ్. ఇరవై ఒక్క వేలు.”

ప్రమీలమ్మ దాన్ని రెండు చేతులతో లేపి చూసింది, మూత తెరిచి అంచుల వెంట వేలు పోనిచ్చింది. “ఎన్ని ఈతలైనయ్ సేటు దీనికి?”

“ఏందక్కా?”

“ఎంతమంది చేతులు మారిందని.”

సాహిత్య సిగ్గుతో “అమ్మా!” అని మోచేత్తో పొడిచింది. సేటు పగలబడి నవ్వాడు. “ఒక్కటే చెయ్యి అక్కా. తొలిసూరుదే అనుకో!”

“మరి ఎందుకు అమ్ముకున్నరు? పాలిచ్చేదాన్ని ఎవ్వలన్న అమ్ముకుంటరా?” అని, పొద్దున అట్లా అమ్మి వచ్చింది తానేనని గుర్తొచ్చి మూత దించింది. తర్వాత మెల్లగా అంది. “మా దిక్కు మూడు పూటలు పిండి చూసినంకనే పైసలు చేతుల పెడ్తరు. మొదటి పూట ఎవ్వడన్న మోసం చెయ్యొచ్చు. ముందటి రోజు పిండకుంట ఆపితే పొదుగు నిండుగ కనబడ్తది. మూడో పూటకు నిజం బయటపడ్తది. దీన్ని గూడ మూడు మాట్ల నడిపించి చూస్తం.”

“మూడు పూటలు ఈడ్నే పండుకుంటవా?”

“పొద్దు గూకేదాక కూసుంటం. వైరు తీసెయ్ బిడ్డా.”

సాహిత్య తల దించుకునే తన సీడీ పెట్టింది. మొదటిసారి యంత్రం ముప్పావుగంట నడిచింది. సేటు విజయగర్వంతో చూశాడు. మళ్లీ కరెంటు పెట్టి నింపి, వైరు తీశారు. రెండోసారి అరగంట. మూడోసారి పావుగంటకే తెర నల్లబడింది. లోపలి నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. సాహిత్య తలెత్తి తల్లిని చూసింది. ఇప్పుడామె ముఖంలో సిగ్గు లేదు.

“గిదెట్ల అంకుల్? కాలేజీల సగం సేపు కరెంటే ఉండదు.”

ముకుందం చెమట తుడుచుకుని, అటువంటిదే ఇంకొకటి తెచ్చాడు. దాన్నీ మూడుసార్లు చూస్తానంది ప్రమీలమ్మ. “నీ అసొంటి గిరాకీలు ఇద్దరొస్తె నేను దుకాణం మూసుకుంట అక్కా,” అని గొణిగాడు గాని అడ్డు చెప్పలేదు. అది మూడుసార్లూ గంటకు తగ్గకుండా నడిచింది. పంతొమ్మిది వేల ఐదువందలకు, భుజాన వేసుకునే సంచీతో సహా బేరం తెగింది.

అప్పటికి పొద్దు వాలింది. మధ్యాహ్నం బస్సుకే పోయి, పాలు పిండే వేళకు ముందే బర్రె సంగతి భర్త చెవిన వేయాలనుకుంది ఆమె. ఆ బస్సు ఎప్పుడో పోయింది.

ముడిమ్యాలలో దిగేసరికి పశువులు ఇళ్లకు చేరుతున్నాయి. వాకిట్లో బాల్‌రాజ్ ఖాళీ గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. అతని ఎడమ చెంప ఉబ్బి, పెదవి చిట్లి ఉంది. అంటే ఒక విడత అయిపోయింది. మాణిక్యం అరుగు మీద కూర్చున్నాడు.

“బర్రె ఏదే?”

“అమ్మిన బావ.”

“ఎవ్వల్ని అడిగి?”

“నా అరణం బావ. బిడ్డ సదువుకు…”

దెబ్బకు ఆమె గుంజ మీదికి తూలి పడింది. సంచి జారి పలుపు బయటపడింది. మాణిక్యం దాన్ని అందుకుని రెండు మడతలు వేశాడు. “నా గడ్డి తిన్నది. నా నీళ్లు తాగింది. నా కొట్టంల పండుకున్నది. నీదెట్లయితదే?”

“గడ్డి కోసింది మా అమ్మనే పెద్దబాపు,” అంది సాహిత్య.

మాణిక్యం ఆమె జడ పట్టి విసిరికొట్టాడు. అరుగు అంచు నుదుటికి తగిలి చర్మం చీలింది. రక్తం కంట్లోకి కారుతున్నా సాహిత్య ల్యాప్‌టాప్ సంచిని పొట్టకు అదుముకుని ముడుచుకుంది. బాల్‌రాజ్ “అన్నా, ఆడపిల్ల…” అని అడుగు వేశాడు. మాణిక్యం చూసిన చూపుకు అక్కడే ఆగాడు.

“నీ పెండ్లాన్ని నువ్వు అదుపుల పెట్టుకోక నాతోని చేపిస్తున్నవ్. ఇయ్యాల బర్రె నాదంటది. రేపు ఎకరం నాదంటది. వచ్చే వారం భూమి కొనే పార్టీ వస్తున్నది, తెలుసా నీకు?”

పలుపు వీపు మీద, మెడ మీద, అడ్డం పెట్టిన చేతుల మీద పడింది. ప్రహరీ అవతల తలలు లేచాయి. ఇంటి గొడవ అని ఎవరూ లోపలికి రాలేదు.

“ఎవ్వల్దే బర్రె?”

“నాది.”

మళ్లీ కొట్టాడు. మోచేతి దగ్గర ఏదో టక్కుమంది. ఆ చెయ్యి ఇక లేవలేదు.

“ఇంటిది అను. తప్పైందని కాళ్లు మొక్కు. ఆ బొమ్మల డబ్బను రేపు వాపస్ ఇచ్చి పైసలు నా చేతుల పెట్టు. ఇడుస్త.”

మట్టిలో మోకాళ్ల మీద ఉన్న ప్రమీలమ్మకు ఒక్కసారి విచిత్రమనిపించింది. ఇరవై ఒక్క ఏళ్లు ఈ ఇంట్లో పప్పులో ఉప్పెక్కువైనా, పాలు విరిగినా ఇదిగో ఇదే జరుగుతుందని వణికింది. ఇప్పుడది జరుగుతోంది. ఇక ముందు భయపడటానికి వేరే ఏదీ తోచడం లేదు.

“నాది బావ,” అంది. “నేను అమ్మిన.”

మాణిక్యం తమ్ముడి వైపు తిరిగాడు. “ఆ డబ్బ గుంజుకొని బండకు కొట్టురా.”

బాల్‌రాజ్ కదలలేదు. అప్పుడే లోపలి నుంచి మాణిక్యం భార్య శకుంతలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎప్పుడూ అంతే. అంతా అయ్యాక వచ్చి కడిగి, పసుపు అద్ది, మాట్లాడకుండా పోతుంది. ఈసారి ఇంకా కాకముందే వచ్చింది. కొంగు తడిపి సాహిత్య కంట్లోని రక్తం తుడిచింది. నుదుటి గాయం ఎంత లోతుందో వేలితో చూసింది. తర్వాత లేచి నిలబడింది.

“బర్రె దాన్దే,” అంది.

“నువ్వు లోపల్కి నడువ్.”

“నడువ. మా అయ్య నాకు రెండు ఆవులిచ్చిండు. పిల్లగాడు మూడేండ్లోడున్నప్పుడు తోలుకపోయినవ్. ఏడ అమ్మినవో, ఆ పైసలు ఎవ్వలింట్ల పెట్టినవో చెప్పలే. అడిగితే గిట్లనే కొడ్తవని నేను అడగలే.”

ప్రహరీ అవతల గుసగుసలు మొదలయ్యాయి. మాణిక్యం ముఖం నల్లబడింది. పలుపును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని భార్య వైపు నడిచాడు. ప్రమీలమ్మ బాగున్న చేతిని నేలకు ఆనించి లేచింది. కళ్లు తిరుగుతున్నా వచ్చి తోడికోడలి పక్కన నిలబడింది.

శకుంతలమ్మ చెంబు కింద పెట్టింది. వెనక్కి జరగలేదు.

“నా ఆవులు ఏడికి పోయినయ్?” అని అడిగింది.