స్వామికి గోశాల బాకీ

పుంగనూరులో చిల్లరకొట్టు నడిపే ముద్దుకృష్ణ లాభంలో వెంకటేశ్వరస్వామికి పదో వంతు. ఏటా ఆ వంతు తీసి తిరుమల హుండీలో వేసి రావడం తండ్రి కాలం నుంచీ వస్తున్న ఆచారం. ఊళ్లోని గోశాలకు కోశాధికారి అయ్యాక అక్కడా ఆయన అదే పద్ధతి పట్టాడు. ఎవరు చందా ఇచ్చినా పదో వంతు స్వామి పేరున రాసి, బ్యాంకులో విడిగా వేశాడు. గోశాల సొమ్మును కొండకు తీసుకుపోయే అధికారం తనకుందో లేదో తెలియక దాన్ని ముట్టుకోలేదు.

2003 వేసవి గాలివానకు కొట్టం కప్పు కూలింది. వానలు ముదిరేలోగా రేకులు వేయకపోతే పుంగనూరు జాతి పొట్టి ఆవులూ దూడలూ తడవాల్సిందే. కుప్పంలో గ్రానైట్ వ్యాపారం చేసే చెంగయ్య సాయం చేస్తానన్నాడు గానీ, ముందు ఆస్తి అప్పుల పట్టిక చూపమన్నాడు. ముద్దుకృష్ణ సొంతంగా రాసి తీసుకుపోయాడు. చెంగయ్య చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఏమప్పా, గోశాలకు ఇంత అప్పుండాదే. ఎవురీ వెంకటేశ్వర్లు? వడ్డీ ఎంత గుంజుతాండాడు?"

అది దేవుడి వంతని చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. అప్పుల వరసలో రాసింది అప్పేననీ, ఆడిటరు చేత సరిచేయించుకు రమ్మనీ పంపేశాడు.

మదనపల్లె ఆడిటరు హరిత చిన్న వయసు మనిషి. పుస్తకాలు తిరగేసి, కొట్టు ఆచారమంతా విని, నవ్వు ఆపుకుంటూ, ఆ పద్దును గోశాల సాధారణ నిధిలో కలిపేద్దామంది. ముద్దుకృష్ణ ముఖం వాడిపోయింది. స్వామికని తీసినదాన్ని వెనక్కి లాక్కోవడం తన వల్ల కాదని లేవబోయాడు.

"కూర్చోండప్పా. కొట్లో మీకు తొమ్మిది వంతులు, స్వామికి ఒకటి. బాగానే ఉండాది. గోశాలలో మీ వంతెంత?"

"నాకేముండాదమ్మా ఆడ. గడ్డిపోచ గూడా నాది గాదు."

"కమిటీ వాళ్లకు?"

"ఎవురికీ లేదు."

"మరి ఆ తొమ్మిది వంతులు ఎవురివి?"

అవీ స్వామివే గదమ్మా అన్నాడు ముద్దుకృష్ణ. దుకాణంలో మిగిలింది యజమానులు పంచుకుంటారు, ధర్మసంస్థలో మిగిలింది ఆ పనికే నిలవాలి, అందుకే అక్కడ వాటాలుండవని ఆమె విడమరచి చెప్పింది. అంతా స్వామిదే అయినప్పుడు స్వామికి బాకీ ఎట్లా పడుతుందన్నది ఆయనకూ తోచింది. ఇన్నేళ్లూ తానే స్వామిని పదో వంతుకు కుదించానా అన్న అనుమానం కూడా వచ్చింది.

"ఇట్ల మారిస్తే స్వామికి కోపం రాదా అమ్మా?"

"అది ఆడిట్లోకి రాదప్పా."

ముద్దుకృష్ణ నవ్వేశాడు. కమిటీ తీర్మానం చేసింది, హరిత కొత్త పట్టిక తయారుచేసి సంతకం పెట్టింది. దాన్ని చూసిన చెంగయ్య ఈసారి బ్యాంకు నిల్వ దగ్గర వేలు పెట్టాడు.

"సగం కప్పుకు దుడ్డు మీకాడే ఉండాది గదప్పా. అది పెట్టుకొని నన్ను అడిగేకి వస్తివే."

మిగతా సగం తాను ఇస్తానన్నాడు. పెద్ద వాన పడేసరికి కొట్టం మీద కొత్త రేకులు మెరుస్తున్నాయి. ముద్దుకృష్ణ గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆవులూ దూడలూ లోపల సందు లేకుండా సర్దుకుని నిలబడ్డాయి. వాటిని జరపడానికి మనసొప్పక, కోశాధికారి బయటే నిలబడి హాయిగా తడిశాడు.