కాచి చల్లార్చిన నీళ్లు

అమీర్‌పేటలో మా ఆవిడ కమలకుమారి ఆడపిల్లల హాస్టల్ నడిపేది. కూరలు తేవడం, మోటారు వెయ్యడం నా పని. ఆ రోజు మా హాస్టల్లో ఉండే ఉదయలక్ష్మికి ఎర్రమంజిల్ దగ్గర కంపెనీలో ఉద్యోగానికి పరీక్ష. జావా నేర్చుకున్న పిల్ల. కళ్లజోడు అంతకుముందే బస్సు తోపులాటలో ముక్కలైంది. లెన్సులు లేకపోతే ఎదురుగా ఉన్న మొహం కూడా మసకే.

అద్దం ముందు కూర్చుని డబ్బీ మూత తీసింది. వేలి కొనమీద లెన్సు చేప పొలుసులా మెరిసింది.

"రాత్రి పాత నీళ్లు పారబోసి మంచివి పోశానే," అంది మా ఆవిడ గుమ్మంలోంచి మురిసిపోతూ. "కాచి చల్లార్చి, వడగట్టి మరీ!"

పక్క మంచం మీది ఫిర్దౌస్ ఒక్క దూకు దూకి ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగు! పెట్టకు!"

"ఏమైందే?"

"అవి నీళ్లు కాదాంటీ, మందు! అండ్ల నానితేనే క్రిములు చస్తయి. మెత్తటి లెన్స్ స్పంజి లెక్క. నీళ్లల్ల ఏముంటే అది పీల్చుకుంటది. కన్ను ఖరాబైతది."

"కాచానే తల్లీ!"

"కాచినా సుత వద్దు. వడగట్టిన బట్ట, బిందె, చేతులు... ఎన్ని తగిలినయో!"

ఉదయలక్ష్మి మొహం పాలిపోయింది. "నీ మందు పోసి కడుక్కోనా?"

"నావి గట్టి లెన్సులు. వాటి మందు వేరే, నీ వాటికి పడదు. నీ మందే పోసినా గంటలు నానాలె. నీకు టైమేది?"

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మడి అని ముందే చెప్తే ముట్టుకునేదాన్నా?"

ఎవరికీ నవ్వు రాలేదు. "పద, లెన్సులు కొన్న షాపుకి పోదాం," అని నేను స్కూటర్ తాళం తీశాను.

పంజాగుట్ట చౌరస్తాలో బస్సులు, ఆటోలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "షాపు తెరిచారా బాబాయ్‌గారూ?" అంది ఉదయలక్ష్మి వెనక నుంచి. తెరిచే ఉందన్నాను. షాపు ఇంకా నాకూ కనపడలేదు.

కళ్లద్దాల ఆరిఫ్ అప్పుడే షట్టర్ సగం లేపాడు. వంగి దూరిపోయాం. సంగతి విని పకపకా నవ్వాడు.

"ప్రతి ఇంట్ల ఒక ఆంటీ ఉంటది చెల్లె! మా అమ్మీ కూజా నీళ్లు పోసింది. ఫికర్ చెయ్యకు, నీ నంబరుది సీలు తియ్యని జత ఉంది. పాతవి పారెయ్, డబ్బీ సుత మార్చు. ముందు చేతులు సబ్బుతోటి కడుగు. తడి చుక్క ఉండొద్దు."

ఇన్నాళ్లూ పెట్టుకునేటప్పుడు పక్కన ఫిర్దౌస్ ఉండేది. ఇప్పుడు ఈ పిల్ల ఒక్కతే షాపు అద్దం ముందు నిలబడింది. మొదటిసారి లెన్సు అరచేతిలోకి జారింది. ఆరిఫ్ దాని మీద మందు ధారగా పోశాడు. రెండోసారి రెప్ప మూసుకుంది. మూడోసారి ఊపిరి బిగబట్టింది. పెట్టేసింది. ఆ ఊపులోనే రెండో కన్నూ అయిపోయింది.

కన్నీళ్లు కారుతున్నాయి. రెప్పలు టపటపా కొట్టి నన్ను చూసింది.

"బాబాయ్‌గారూ! మీ చెవుల్లో వెంట్రుకలున్నాయి!"

"ఎక్కు ఎక్కు," అన్నాను.

ఎర్రమంజిల్ ఎత్తులో స్కూటర్ రొప్పుతోంది. "అదిగో కంపెనీ!" అని అరిచింది. నాకు చెట్లు తప్ప ఏమీ ఆనలేదు. "గేటు మూసేస్తున్నాడు! నీలం చొక్కా వాచ్‌మన్! తోలండి!"

తోలాను. బండి ఆగకముందే దూకింది. మూసుకుంటున్న గేటు సందులోంచి చేప జారినట్టు లోపలికి జారింది. గేటు మూసిన మనిషిని అప్పుడు చూశాను. నీలం చొక్కాయే.