నల్లేరు కోసం

"ఇంట్లో ఊరికే కూర్చోనుంటావు గదా గోదా, పొయ్యి కాస్త నల్లేరు తీసుకోనిరా" అన్నారు మా ఆయన, ఆఫీసుకు బయలుదేరుతూ. ముందురోజు అత్తయ్య జారిపడి కాలు బెణికింది. నల్లేరు పచ్చడి ఎముకకు బలమని ఎవరో చెప్పారట. అప్పటికే నేను నీళ్ళు తోడి, వంట చేసి, అత్తయ్యకు తల దువ్వి, బొగ్గులు రాజేసి ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో గుర్తు రాలేదు. కోపమూ రాలేదు. సంచి తీసుకున్నాను.

కపిలతీర్థం దాటాక కొండ కింద తుప్పల మీద తీగ అల్లుకుని ఉంది. పలమనేరులో చిన్నప్పుడు అమ్మ నేర్పింది: నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకూ నొక్కు. తుంచినప్పుడు పాలు కారితే అది జెముడు, నోట పెట్టకూడదు. తుంచి చూశాను. పాలు లేవు. పచ్చడికి గోటికి తెగే లేత కొసలే కావాలి, అవేమో పైకి పాకాయి. పక్కనున్న బండరాయి ఎక్కి అందుకోబోయి జారాను. కుడిచేతి మీద పడ్డాను. మణికట్టు దగ్గర టక్కుమంది. ఎవరి చెయ్యో అన్నట్టు కాసేపు దాన్నే చూశాను. తర్వాత ఎడమచేత్తో తీగను కిందికి గుంజి, కొసలు కోసి సంచిలో వేసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి చెయ్యి వాచింది. "ఇంతసేపు యాడుంటివి?" అంది అత్తయ్య. చెయ్యి చూపించాను. "పనిలో పడితే అదే సర్దుకుంటాది. పీచు బాగా తియ్యి, లేకుంటే గొంతు దురద పుడతాది."

పీచు తీశాను. నూనెలో వేయించి, చింతపండు వేసి ఎడమచేత్తోనే రుబ్బాను. మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నారు. "అమ్మా, ఇంకొంచెం ఏసుకో, ఎముకకు మంచిది." ఎడమచేత్తో వడ్డిస్తుంటే నెయ్యి కంచం పక్కన పడింది.

"ఒలుకుతా ఉండాది, సూసి ఎయ్యి" అన్నారు ఆయన.

"చెయ్యి విరిగినట్టుందండీ."

"సాయంత్రం చూద్దాంలే. మిగిలితే నువ్వూ రవ్వంత పచ్చడి తిను."

మిగిలితే. పెళ్ళయినప్పటి నుంచీ నేను తిన్నదంతా మిగిలిందే. ఆ మాటకు బాధ కూడా కలగలేదు. నిజమే కదా అనిపించింది, అంతే. నేతిగిన్నె వాళ్ళిద్దరి మధ్య పెట్టి, చెప్పులేసుకుని గడప దాటాను.

"ఇప్పుడు యాడికి? మజ్జిగ ఎవురు పోస్తారు?" అన్నారు ఆయన.

నడుస్తూనే ఉన్నాను.

ఆసుపత్రిలో కట్టు కడుతూ నర్సమ్మ అడిగింది: "ఏమ్మా, నీతో ఎవురూ రాలేదా?"

"నేనొచ్చినాను గదా" అన్నాను.