రెండో పొట్లం

పాలు కలిపిన అన్నం గిన్నెకు అంటుకుని ఎండిపోయింది. దాన్ని గోరుతో గీకుతుంటే వెనక దబ్బున చప్పుడైంది. పిల్లి బల్ల మీది నుంచి స్టూలు మీదికి దూకబోయి నేల మీద పడింది. లేచి, ఏమీ జరగనట్టు ఒళ్లు నాక్కుంటూ కూర్చుంది. ఆ స్టూలు ఆరేళ్లుగా అక్కడే ఉంది.

అది మా అత్తయ్య పిల్లి. ఆవిడ దాన్ని దొరసాని అని పిలిచేది. అత్తయ్య పోయి నాలుగు నెలలైంది. రోజూ సాయంత్రం నేను కళ్లజోళ్ల దుకాణంలో పని ముగించుకుని వచ్చి చెప్పులు విప్పే వేళకు, అది వెనక గది తలుపు ముందు కూర్చుని అరిచేది. తాళం వేసిన గది. ఒక్కోసారి లోపల గరిటె కదిలినట్టుండేది. ఎలుకలేమో అనుకుని, గబగబా కూరగాయల కత్తిపీట ముందేసుకునేదాన్ని. తాళం తీయాలంటే మాత్రం చేతులు వచ్చేవి కావు.

ఆ తాళం పడింది నా మాట వల్లే. ఏడాది కిందట భోజనాల దగ్గర నవ్వులాటకు అన్నాను: "వెనక గదిలోంచి ఘుమఘుమలొస్తున్నాయండీ. మీ అమ్మగారు హోటలు గానీ పెడుతున్నారా?" మా ఆయన ముద్ద వదిలేసి లేచారు. ఆ గదిలో చిన్న స్టవ్వు, దాని మీద ఉడుకుతున్న మాంసం కనిపించాయి. "ఈ కొంపలో ఆ వాసన రాకూడదని ఎన్నిసార్లు చెప్పాను!" అని అరిచారు. స్నేహితులతో వారానికి రెండుసార్లు తినొచ్చే మనిషే. అదేమని అడిగితే, "బయట తినడం వేరు, ఇంట్లో వండడం వేరు" అంటారు.

"పిల్లికేరా. మాంసం లేకపోతే అది ఉండలేదు" అంది అత్తయ్య.

"పాలన్నం పెట్టు. కడుపు కాలితే అదే దారికొస్తుంది."

స్టవ్వు అవతల పారేసి తాళం వేశారు. అత్తయ్య కొడుకు వైపు చూడలేదు. నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

ఆ తర్వాత ఆవిడ పొద్దున్నే బయటికి వెళ్లడం మానేసింది. రెండు మెట్లెక్కితే ఆయాసపడేది. డాక్టరు రక్తం లేదన్నాడు, మా ఆయన మాత్రం వయసు మీద పడిందన్నారు. అందరూ తిన్నాక మిగిలింది ఆవిడా నేనూ పంచుకునేవాళ్లం. ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు మంచం మీద కూర్చుని జుట్టు ముడేసుకుంటూనే పక్కకు ఒరిగిపోయింది.

పిల్లి అలా కింద పడ్డాక, దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె దాని కళ్లలోకి లైటు వేసి చూసి, "ఏం పెడుతున్నారండీ?" అంది.

"పాలన్నం. ఏడాదిగా."

"మాంసం?"

"లేదండీ."

"మనలాగా ఏదో ఒకటి తిని నెట్టుకొచ్చే ప్రాణం కాదండీ పిల్లి. దాని కంటికీ గుండెకీ కావలసిన టారిన్ అనే పోషకం మాంసంలోనే దొరుకుతుంది. అది లేకే చూపు పోయింది."

"మళ్లీ వస్తుందా?"

"పోయిన చూపు రాదు. గుండెనైనా కాపాడుకుందాం." రోజూ వేయాల్సిన మందు, పిల్లుల మేత రాసిచ్చింది. పక్కన కోడి గుండెకాయలు కూడా పెట్టమంది. ఉప్పూ ఉల్లిపాయా తగలకూడదు, ఎముక అసలే వద్దు అని రెండుసార్లు చెప్పింది. రోజంతా ఊరివాళ్ల కళ్లకు అద్దాలు అమర్చే నేను, ఇంట్లో ఒక ప్రాణి చీకట్లో తిరుగుతుంటే గమనించుకోలేదు.

మాంసం కొట్టు మలుపులోనే ఉంది. పిల్లికి గుండెకాయలు కావాలన్నాను. కొట్టతను కత్తి ఆపి చూశాడు. "దొరసానికా? పెద్దావిడ కోడలా మీరు? ఆవిడ రావడమే మానేశారేం?"

చెప్పాను. అతను కత్తి కింద పెట్టాడు.

"ఎప్పుడూ రెండు పొట్లాలు కట్టమనేవారమ్మా. ఒకటి పిల్లికి గుండెకాయలు. రెండోది లివరు, ఆవిడకి. రక్తానికి మంచిదని డాక్టరు తినమన్నాడంట." పొట్లం కడుతూ ఇంకో మాట కూడా అన్నాడు. "'మా కోడలు కూడా పాలిపోయి తిరుగుతోంది, ఒకరోజు దాన్నీ ఆ గదిలోకి పిలిచి పెడతా, అది ఎవరికీ చెప్పదు' అనేవారు."

ఆ రెండో పొట్లం కూడా కట్టించుకుని ఇంటికొచ్చాను. వెనక గది తాళం తీశాను. పిల్లి గోడను ఒరుసుకుంటూ లోపలికి నడిచి, స్టవ్వు ఉండే చోట వాసన చూసి, అక్కడే పడుకుంది.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం వంటింట్లోనే, కిటికీలన్నీ తెరిచి, రెండు గిన్నెలు పొయ్యి మీద పెట్టాను. ఆయన ముక్కు మూసుకుంటూ వచ్చారు.

"ఏంటీ కంపు? పిల్లికైతే బయటెక్కడైనా తగలెయ్యి!"

"ఇది దానికి. అది నాకు."

"నీకా?"

"మీ అమ్మగారూ తినేవారు, డాక్టరు చెబితే. ఆ గదిలో తలుపేసుకుని. ఆవిణ్ణి పట్టిచ్చింది నేను. తాళం వేసింది మీరు."

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. "అమ్మ నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెబితే ఏమనేవారు?"

నేను మంట ఆపి, కంచం తెచ్చుకుని, ఎవరికీ వడ్డించకుండానే కూర్చున్నాను. రుచేమీ తెలియలేదు. అయినా చివరి ముక్క దాకా తిన్నాను.