మడత నిలబడింది

పుంగనూరులో రవికెలు కుట్టే యశోదమ్మకు డెంగీ వచ్చి మదనపల్లె ఆస్పత్రిలో చేరినప్పుడు, ఆ వైరస్‌ను చంపే మందు ఇంకా లేదనీ, సెలైన్ ఎక్కించి కాచుకోవడమే దారి అనీ డాక్టరు చెప్పాడు. ఆమె కోలుకుంది. కూతురు రమ్యశ్రీకి మాత్రం ఆ మాట మనసులోంచి పోలేదు. ఎమ్మెస్సీ పూర్తిచేసి, కుప్పంలోని ఒక పరిశోధనశాలలో డెంగీ మీదే పనికి చేరింది.

ఆ వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి కావలసినదంతా ఆర్ఎన్ఏ అనే ఒక్క పోగులో, నాలుగు రసాయన అక్షరాల వరసగా రాసి ఉంటుంది. ఆ పోగు చాలాచోట్ల తనలో తాను మడతపడుతుంది. అందులో ఒక చిన్న మడత ఎందుకుందో ఎవరూ తేల్చలేదు. రోగం తేలేని నమూనా పోగు తీసుకుని, ఆ మడతలో ఒక వైపు అక్షరాలు మార్చింది రమ్యశ్రీ. రెండు వైపులూ అతుక్కోలేదు, మడత ఊడిపోయింది. ఆ పోగు ఎక్కించిన, నకళ్లు తయారైతే వెలగాల్సిన కణాలు చీకటిగానే ఉండిపోయాయి.

ఆమె గైడు ఉమాపతి సంతోషించలేదు.

"మడత పోయి ఆగిందో, అక్షరం చెడి ఆగిందో నీకెట్లా తెలుసమ్మా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. అది ఆమెను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. చివరికి రెండో వైపు కూడా మార్చాలనుకుంది. కొత్త అక్షరాలు ఒకదానికొకటి సరిపోతే పాత మడతే మళ్లీ ఏర్పడుతుంది. అప్పుడూ వెలగకపోతే తప్పు అక్షరాలది, వెలిగితే పని మడతది.

పక్క బల్ల మీద పనిచేసే అర్షద్ తల అడ్డంగా ఊపాడు. "ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ కొడితే యాడ బతుకుతాది?"

రమ్యశ్రీ నెలల తరబడి పనిచేసి రెండు వైపులా మార్చిన పోగు తయారుచేసింది. దాన్ని ఎక్కించిన కణాలను వెలుగు కొలిచే యంత్రంలో పెట్టింది. తెర మీద అంకె పెరిగింది. అసలు పోగు వెలిగినంతగానే ఇదీ వెలిగింది. అక్షరాలు వేరైనా మడత నిలబడింది, నకళ్లు మొదలయ్యాయి.

ఉమాపతి మళ్లీ చేయించాడు. మళ్లీ వెలిగింది. ఆయన అందరినీ పిలిచి, తన అనుమానం తీరిందనీ, ఆ మడతే నకళ్లను నడుపుతోందని ఈ అమ్మాయి రుజువు చేసిందనీ చెప్పాడు. అర్షదే ముందు చప్పట్లు కొట్టాడు.

రమ్యశ్రీ తల్లికి ఫోన్ చేసి, ఆగిపోయిన పోగు మళ్లీ బతికిందని చెప్పింది.

"అది మళ్లా బతికితే నీకు యాల సంతోషమే?" అంది యశోదమ్మ.

"దాన్ని యాడ పట్టుకుంటే ఆగుతాదో తెలిసిపోయిందిమా. ఇంక మందు యాడికి గురిపెట్టాల్నో తెలుసు."

యశోదమ్మ ఫోన్ చెవి దగ్గర ఉంచుకునే, రవికె కొలతలకు వచ్చి నిలబడిన ఆమెతో గట్టిగా అంది: "మా పాప డెంగీ గుట్టు పట్టిండాది."